మసత్లాన్ చేపకి అనుమతి

కాకినాడలో ఉప్పుటేరుల హద్దుల శాఖ అని ఒకటి ఉండేది. సముద్రపు పోటుకి ఉప్పుటేరు ఎక్కడిదాకా పొంగుతుందో కొలిచి అక్కడ రాయి పాతడం దాని పని. పాతిన రాయిని మరుసటి పోటు పట్టుకుపోయేది కాబట్టి శాఖకి పని ఎప్పుడూ ఉండేది. ఇరవై ఏళ్ల క్రితం ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. ఎత్తేసినట్టు వచ్చిన ఉత్తరం సరైన మార్గంలో రాలేదని సూపరింటెండెంటు త్రినాథరావుగారు దాన్ని వెనక్కి పంపించేశారు. మళ్లీ ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన ఆ లేని శాఖలో మరో ఆరేళ్లు నిండుగా పని చేసి, రిటైరై, తనలాంటి వాళ్లందరినీ కూడగట్టి విశ్రాంత ఉద్యోగుల విజ్ఞాన విహార సంఘం పెట్టారు.

సంఘానికి ప్రెసిడెంటు ఆయనే. మినిట్స్ పుస్తకం రాసేది వీర్రాజు. ఉద్యోగమంతా రికార్డు అసిస్టెంటుగా ఫైళ్లు మోసిన మనిషి, రిటైరయ్యాక చంకలో ఏ బరువూ లేకపోతే నడక కుదరక ఆ పుస్తకాన్ని పట్టుకు తిరుగుతూ ఉంటాడు. సంఘంలో ఆయనకున్న హోదా అంతా ఆ పుస్తకమే. సత్యవేణి ఆయన భార్య. ఈ కథ ఆవిడది.

సంఘం విదేశయాత్ర తలపెట్టినప్పుడు సగంమంది స్విట్జర్లాండ్ అన్నారు, సగంమంది సింగపూర్ అన్నారు. మూడు సమావేశాలు జరిగి, రెండు కుర్చీలు విరిగాయి. ఏ పక్షమూ గెలిచిందనిపించుకోకూడదని ప్రెసిడెంటుగారు ఎవరూ అడగని దేశాన్ని ఎంపిక చేశారు. అలా పదకొండు మంది సభ్యులూ, వాళ్ల పదకొండు మంది భార్యలూ మెక్సికోలో పసిఫిక్ సముద్రం ఒడ్డునున్న మసత్లాన్ అనే ఊళ్లో ఆరు రోజుల సెలవుకి దిగారు.

యాత్ర సంగతి విన్నరోజున సత్యవేణి ఒక్కటే అడిగింది. "అక్కడ వంటెవరు చేస్తారండి?"

"వంటమేస్త్రి పోశయ్యని తీసుకెళ్తున్నాం. తీర్మానం కూడా అయిపోయింది," అన్నాడు వీర్రాజు.

ఆ మాటకే ఆవిడ సూట్‌కేసు సర్దుకుంది. పెళ్లయిన ముప్పై తొమ్మిదేళ్లలో ఆవిడ వండని పూటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అవి కూడా పురిటి మంచంలో ఉన్న పూటలే. ఎవరో వండి, వేడివేడిగా తెచ్చి ముందు పెడితే, సముద్రం ఒడ్డున కాళ్లు చాపుక్కూచుని ఒక చేప తినాలని ఆవిడ కోరిక. కాకినాడలో సముద్రం లేదా, చేపలు లేవా అంటే రెండూ ఉన్నాయి. ఆ చేపలన్నీ ఆవిడ చేతుల మీదుగానే కూరలోకి వెళ్లాయి, అదీ చిక్కు.

పోశయ్యకి వీసా రాలేదు. ప్రయాణానికి రెండు రోజుల ముందు అత్యవసర సమావేశం జరిగింది. "వంటమేస్త్రి విధులను యాత్రాకాలంలో మహిళా విభాగం నిర్వర్తించును" అని ఏకగ్రీవంగా తీర్మానించారు. మహిళా విభాగానికి ఈ సంగతి విమానంలో తెలిసింది. అప్పటికి విమానం సముద్రం మీద ఉంది, దిగిపోదామంటే దారి లేదు.

పోనీ బయట ఎక్కడైనా తిందామంటే బైలా పదిహేడు అడ్డం. తొమ్మిదేళ్ల క్రితం కన్యాకుమారి యాత్రలో ప్రెసిడెంటుగారు దారిలో ఏడు మిరపకాయ బజ్జీలు తిన్నారు. ఆ తర్వాత బస్సు అరగంటకోసారి ఆగింది. తప్పు బజ్జీది కాదు, ఏడుది. అయినా సంఘం బజ్జీ మీదే విచారణ జరిపి ఈ పదిహేడో నిబంధన చేసింది. యాత్రాకాలంలో సంఘ సభ్యులెవరూ బయటి ఆహారం భుజించరాదు. భుజించదలచినచో ఆహార పరిశీలక ఉపసంఘం ముందుగా రుచి చూసి, ఆమోదించవలెను. ఆ తొమ్మిదేళ్లలో ఉపసంఘం ఒక్క ఇడ్లీని కూడా ఆమోదించిన పాపాన పోలేదు.

మసత్లాన్‌లో వాళ్లు అద్దెకి తీసుకున్న ఇంటి వంటగది కిటికీ తీస్తే రోడ్డు, రోడ్డు దాటితే ఇసక, ఇసక మీద ఒక కొబ్బరాకు పందిరి. పందిరి కింద ప్లాస్టిక్ కుర్చీలు, బల్లలు. ఒక పక్క బొగ్గుల కుంపటి. లూపె అనే అరవయ్యేళ్లావిడ చేపని మధ్యకి చీల్చి, పుస్తకంలా విప్పి, ఎర్రటి మసాలా పట్టించి, ఇనప జల్లెడలో బిగించి బొగ్గుల మీద అటూ ఇటూ తిప్పుతుంది. చేప కొవ్వు బొట్లుబొట్లుగా నిప్పుల మీద పడి, ఆ పొగ నేరుగా కిటికీలోంచి వచ్చి సత్యవేణి ముక్కుకి తగులుతుంది. అప్పుడు సత్యవేణి చేతిలో గరిటె, పొయ్యి మీద ఇరవై రెండు మందికి సరిపడా పప్పుచారు.

సాయంత్రం అందరూ సముద్రం చూడ్డానికి వెళ్లారు. సూర్యుడు నీళ్లలోకి దిగిపోవడం చూసి ప్రెసిడెంటుగారు మొహం చిట్లించారు. కాకినాడలో సూర్యుడు సముద్రంలోంచి పైకొస్తాడు. ఇక్కడ అందులోకి పోతున్నాడు.

"వీర్రాజూ, నోట్ చెయ్యవయ్యా. స్థానిక ఏర్పాట్లు తలకిందులుగా ఉన్నట్టు మన దృష్టికి వచ్చింది," అన్నారాయన.

వీర్రాజు రాసుకున్నాడు. ఆ ఊళ్లో తిరగడానికి పైకప్పు తప్ప ఏమీ లేని చిన్న టాక్సీలుంటాయి. వాటి పేరుకి అర్థం న్యుమోనియా అని గైడు చెప్పగానే అవి కూడా నిషేధంలోకి వెళ్లిపోయాయి. దాంతో అందరూ రెండు కిలోమీటర్లు నడిచి ఇంటికొచ్చారు.

"ఏవండీ, ఆ ఎదురు పందిట్లో ఒక్క పూట చేప తిందావండి. మళ్లీ ఈ జన్మలో ఇటొస్తామా ఏంటి?" అంది సత్యవేణి.

వీర్రాజు అటూ ఇటూ చూశాడు. "మనం మనం తినేస్తే ఎలాగే? పద్ధతి ఒకటుంది కదా. దరఖాస్తు పెట్టుకో. నేను దగ్గరుండి పైకి పంపిస్తాను."

"చేప తినడానికి దరఖాస్తేంటండి, నవ్విపోతారు."

"ముప్పై నాలుగేళ్ల సర్వీసులో దరఖాస్తు లేకుండా నేను సెలవు కూడా పెట్టలేదు. నియమం తప్పితే ఈ పుస్తకం లాగేసుకుని ఇంకోడికిస్తారు. అప్పుడు నన్నెవడు పిలుస్తాడు, నన్నెవడు గుర్తు పెట్టుకుంటాడు?"

ఆ చివరి మాట ఆయన నెమ్మదిగా అన్నాడు. సత్యవేణికి కోపమూ వచ్చింది, జాలీ వేసింది. జాలి ఒక పాలెక్కువ కావడంతో ఆవిడ దరఖాస్తు పెట్టింది.

నమూనా పత్రంలో పద్నాలుగు గళ్లున్నాయి. ఆహార పదార్థము పేరు. స్వస్థలము. తినుటకు గల కారణము. ఇదే పదార్థమును ఇంటివద్ద తయారుచేసుకొనుటకు గల అభ్యంతరము. కారణం దగ్గర ఆవిడ "ఆకలి" అని రాస్తే, అది వ్యక్తిగత కారణమని ఉపసంఘం కన్వీనరు తిరగ్గొట్టారు. రెండోసారి "విజ్ఞానం" అని రాస్తే వెంటనే చెల్లింది.

కన్వీనరు పేరు చయనులుగారు, రిటైర్డ్ హెడ్ డ్రాఫ్ట్స్‌మన్. పుట్టి బుద్ధెరిగి చేప ముట్టని మనిషి. చేప విషయంలో ఆయనకి ఏ పక్షపాతమూ ఉండదని ఏరికోరి ఆయన్నే వేశారు. రెండో రోజు పొద్దున్నే ఆయనా, ప్రెసిడెంటుగారూ, టేపూ పుస్తకంతో వీర్రాజూ రోడ్డు దాటి పందిరి కిందికి వెళ్లారు. ఏదైనా ముందు కొలవడం వాళ్లకి అలవాటు. చేప తల నుంచి తోకదాకా యాభై రెండు సెంటీమీటర్లు, పందిరి నుంచి సముద్రం నలభై ఒక్క అడుగులు అని రాసుకున్నారు. లూపె వాళ్లని ఆరోగ్యశాఖ వాళ్లనుకుని తలకి గుడ్డ కట్టుకుని వినయంగా నిలబడింది.

కొలతలయ్యాక రుచి చూడాలి. అక్కడ చయనులుగారికి ధర్మసందేహం వచ్చింది.

"ప్రెసిడెంటుగారండి, ఒక మనవి. ఆమోదం లేని బయటి ఆహారాన్ని సభ్యులు తినకూడదు. ఆమోదించాలంటే ఉపసంఘం తినాలి. ఉపసంఘంలో ఉన్నది సభ్యులమే కదండి."

ప్రెసిడెంటుగారు చాలాసేపు సముద్రం వంక చూశారు. తొమ్మిదేళ్లుగా ఒక్క ఇడ్లీ కూడా ఎందుకు ఆమోదం పొందలేదో ఆయనకి అప్పుడర్థమైంది. అయినా ఆయన మొహంలో విచారం కనిపించలేదు, సంతోషమే కనిపించింది. ఎటు వైపు నుంచీ తోవ లేని నిబంధన అంటే ఆయన దృష్టిలో కట్టుదిట్టమైన నిబంధన.

"అయితే సభ్యుడు కాని వ్యక్తి చేత తినిపించి, ఇరవై నాలుగు గంటలు పరిశీలనలో ఉంచి, తదుపరి నిర్ణయం తీసుకోవడమైనది," అన్నారు.

సభ్యుడు కాని వ్యక్తి గైడు రమోన్. యాభై దాటిన మనిషి, మంచి పొట్ట, మంచి మీసం. సంఘం తరఫున మీరొక చేప తినాలి అని చయనులుగారు ఇంగ్లీషులో చెప్పగానే అతను టోపీ తీసి గుండెలకానించుకున్నాడు. పదకొండు గంటలకి కూర్చున్నవాడు పన్నెండింటికి లేచాడు. యాభై రెండు సెంటీమీటర్లలో ఎముకలు తప్ప ఏమీ మిగల్లేదు. ఈ తంతంతా సత్యవేణి వంటగది కిటికీలోంచి చూస్తూ నిలబడింది. అటు చూస్తూ కూరకి రెండుసార్లు ఉప్పు వేసేసింది.

పరిశీలనలో ఉన్న మనిషి కళ్లెదుట ఉండాలి కాబట్టి రమోన్‌ని ఇంటి వరండాలో తాళ్ల ఉయ్యాల కట్టి పడుకోబెట్టారు. రెండేసి గంటలకోసారి వీర్రాజు వెళ్లి చూసి పుస్తకంలో రాశాడు. రెండు గంటలకు: ప్రాణముతో ఉన్నాడు. నాలుగు గంటలకు: ఈల వేయుచున్నాడు. ఆరు గంటలకు: ఆకలి అనుచున్నాడు.

ఇంటికొచ్చిన మనిషి ఆకలంటే తెలుగువాళ్లు ఊరుకుంటారా? ప్రెసిడెంటుగారి భార్య మంగతాయారుగారు విస్తరి లేని లోటు తప్ప ఏ లోటూ లేకుండా వడ్డించారు. మూడుసార్లు వేడిచేసిన నిన్నటి పప్పుచారు, దాని మీద గరిటెడు నెయ్యి, పక్కన కస్టమ్స్ వాళ్ల కళ్లు కప్పి చీర మడతల్లో తెచ్చిన ఆవకాయ.

"మిరపకాయ పుట్టింది మా దేశంలోనే," అని రమోన్ గర్వంగా చెప్పి ఆవకాయ ముక్క నోట్లో వేసుకున్నాడు.

"మిరపకాయ పుట్టింది గుంటూరులో. నోట్ చెయ్యి వీర్రాజూ," అన్నారు ప్రెసిడెంటుగారు.

రమోన్ పప్పుచారు గ్లాసులో పోయించుకుని నాలుగుసార్లు తాగాడు. తెల్లవారేసరికి ఉయ్యాల ఖాళీగా ఉంది. అతను స్నానాలగదిలో ఉన్నాడు. పది గంటలదాకా అక్కడే ఉన్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం విచారణ పెట్టారు. చయనులుగారు నివేదిక చదివారు. "పై పరిస్థితులను పురస్కరించుకుని, సదరు చేప ప్రయాణికుల ఆరోగ్యమునకు భంగకరమని రుజువైనందున, శ్రీమతి సత్యవేణిగారి దరఖాస్తు తిరస్కరించడమైనది."

పురుషులు తలలూపారు. వంటగది గుమ్మం దగ్గర నిలబడ్డ సత్యవేణికి ఒళ్లు మండిపోయింది. బొగ్గుల మీద కాలిన చేప ఏ పాపమూ ఎరగదని ఆవిడకి తెలుసు. మూడుసార్లు వేడిచేసిన పప్పుచారు గురించీ తెలుసు, వేడి చేసింది ఆవిడే. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కుతినా తిననివ్వదు అన్నట్టుంది సంఘం వ్యవహారం.

"నాదో మాటండి ప్రెసిడెంటుగారండి," అంది.

"చెప్పమ్మా."

"ఆయన చేపొక్కటే తిన్నాడేంటండి? మన పప్పుచారు కూడా నాలుగ్గలాసులు తాగేడు. ఆవకాయ తిన్నాడు. అవి రాయరా పుస్తకంలో? రేప్పొద్దున్న ఎవరైనా చూస్తే సంఘం సగం సాక్ష్యమే రాసిందనుకోరూ?"

సగం సాక్ష్యమనే మాట త్రినాథరావుగారికి ముల్లులా తగిలింది. ఆయన్ని మొండివాడని అనొచ్చు, చాదస్తుడని అనొచ్చు, పక్షపాతి అని మాత్రం అనడానికి లేదు. చేపకొక న్యాయం, పప్పుచారుకొక న్యాయం ఆయన చేతుల మీదుగా జరగదు. కళ్లజోడు తుడుచుకుని లేచి నిలబడ్డారు.

"విచారణ పూర్తయ్యేవరకు అనుమానిత ఆహారములన్నిటినీ నిలుపుదల చేయడమైనది. ఇందులో ఇంటి వంట కూడా చేరును."

మంగతాయారుగారు నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు, నవ్వాపుకోవడానికి. లేని శాఖ తాలూకు ముద్ర ప్రెసిడెంటుగారి సూట్‌కేసులోనే ఉంది. లక్క దొరక్కపోతే కొవ్వొత్తి కరిగించి వంటగది తలుపుకి సీలు వేశారు. బియ్యం, కందిపప్పు, ఆవకాయ, పులిహోర పొడి అన్నీ లోపలుండిపోయాయి. ప్రకృతిసిద్ధ ఆహారం కింద అరటిపళ్లూ కొబ్బరిబొండాలూ అనుమతించారు.

నాలుగో రోజు ఆ ఇంట్లో ఒక వింత జరిగింది. పదకొండు మంది ఆడవాళ్లు పొద్దున్న లేచేసరికి వాళ్లకి పనేమీ లేదు. ఉల్లిపాయలు లేవు, గిన్నెలు లేవు. కాసేపు ఏం చెయ్యాలో తోచక వసారాలో కూర్చున్నారు. తర్వాత మంగతాయారుగారు చీర కుచ్చిళ్లు ఎగదోపి సముద్రంలోకి నడిచారు. ఆ వెనకాల తక్కినవాళ్లు. అలలకి కింద పడ్డారు, లేచారు, ఒకళ్లనొకళ్లు తోసుకున్నారు. ఇత్తడి బూరాలు మెడకి తగిలించుకున్న పాటగాళ్లు ఇసక మీద వాయిస్తూ పోతుంటే వాళ్ల వెనకే కొంతదూరం వెళ్లొచ్చారు. లూపె కుంపటి దగ్గర్నుంచి రమ్మని చెయ్యూపింది. సత్యవేణి పందిరి అంచుదాకా వెళ్లి ఆగిపోయింది. లోపలికి అడుగు పెడితే మొగుడి చంకలో పుస్తకం పోతుందని భయం. అరటిపండు తింటూ వెనక్కొచ్చేసింది, ఏడుపొక్కటే తక్కువ.

ఐదో రోజుకి మగవాళ్ల పరిస్థితి అధ్వాన్నమైంది. అరటిపండు చూస్తే కొందరికి వికారం పుడుతోంది. చయనులుగారు సీలు వేసిన తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, తలుపు సందులోంచి వచ్చే ఇంగువ వాసన పీలుస్తూ కూర్చున్నారు. వంటగది తెరవాలని ఆ సాయంత్రం నాలుగు గంటలకి సమావేశం వేశారు. సీలు తీయాలంటే ఎనిమిది మంది సభ్యులు చేతులెత్తాలి. నీరసంతో నలుగురు మంచం దిగలేకపోయారు. ఏడుగురే వచ్చారు.

"ఆడవాళ్ల చేతులు కూడా కలిపేస్తే సరిపోతుంది కదండి. ఆ పక్కనే కూచునున్నారు," అన్నారు చయనులుగారు, ఆకలి బాధ కొద్దీ.

ప్రెసిడెంటుగారు బల్ల మీద కొట్టారు. "ఎలా కలుపుతావయ్యా? వాళ్లు సభ్యులు కారు. మాకూ ఓటు కావాలని పదకొండేళ్ల క్రితం వాళ్లడిగితే, భార్యలకు సభ్యత్వము లేదు, ఏ కాలమందును ఉండబోదు అని మనమే తీర్మానించాం. ఆకలేసిందని తీర్మానం మారుస్తామా?"

వరండాలో అరటిపండు తొక్క తీస్తున్న సత్యవేణి చెయ్యి ఆగిపోయింది. ఆ మాట ఇంకోసారి మనసులో అనుకుంది. మంగతాయారుగారి వైపు చూసింది. ఆవిడా అప్పుడే ఇటు చూసింది.

ఆరో రోజు ఆఖరి రోజు. మర్నాడు పొద్దున్నే విమానం. మధ్యాహ్నం పన్నెండింటికి సత్యవేణి ఇస్త్రీ చీర కట్టుకుని, తల దువ్వుకుని, రోడ్డు దాటి, పందిరి కింద సముద్రానికి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది. వెనకే మంగతాయారుగారు, ఆవిడ వెనక మిగతా తొమ్మిదిమంది. సత్యవేణి కుంపటి మీది చేప వైపు వేలు చూపించి, రెండు చేతులూ బాగా ఎడం చేసి పెద్దది కావాలని చెప్పింది. లూపెకి అర్థమైపోయింది. అన్నిటిలోకీ పెద్దది తీసి చీల్చింది.

చేప సగం కాలేసరికి ఏడుగురు మగవాళ్లు ఇసకలో కాళ్లీడ్చుకుంటూ వచ్చారు. ముందు ప్రెసిడెంటుగారు, పక్కన చయనులుగారు, చివర పుస్తకంతో వీర్రాజు.

"ఏమిటమ్మా ఇది? బైలా పదిహేడు ఉల్లంఘన కింద సంఘ సభ్యులెవరికైనా..." అని మొదలుపెట్టారు ప్రెసిడెంటుగారు.

"మేం సభ్యులమాండి?" అంది సత్యవేణి, కూర్చున్న చోటినుంచి లేవకుండానే.

"అదీ..."

"నిన్న మీరే అన్నారు కదండి, కాదని. బయటి తిండి తినకూడనిది సభ్యులు. మేం కామాయె. మరి మమ్మల్ని ఏ బైలా ఆపుద్దండి?"

ప్రెసిడెంటుగారికి ఇంకో దారి దొరికింది. "సరే, అది అలా ఉంచు. వంట చేయవలసిన బాధ్యత మాత్రం మహిళా విభాగానిది. తీర్మానం ఉంది. సీలు తీయడానికి నేను ప్రత్యేక అధికారం వాడుతున్నాను. అందరూ వెంటనే వచ్చి పొయ్యి వెలిగించవలెను."

తక్కిన పదిమందీ సత్యవేణి వంక చూశారు. సత్యవేణి వీర్రాజు వంక చూసింది. ఆయన చంకలో పుస్తకాన్ని ఇంకాస్త గట్టిగా అదుముకున్నాడు. ముప్పై నాలుగేళ్లు ఎవరో చెప్పింది రాయడం తప్ప, రాసినదాన్ని పైకి చదవమని ఆయన్నెవరూ అడగలేదు. నిప్పుల మీద కొవ్వు చిటపటమంటోంది. పందిట్లో పొగ ఆయన కళ్లకీ తగులుతోంది.

వీర్రాజు పుస్తకం తెరిచాడు. ఆయనకి పేజీ వెతుక్కోవలసిన పని లేదు.

"ఆయ్, చిత్తం, ప్రెసిడెంటుగారండి. పదకొండేళ్ల నాటి తీర్మానం ఇక్కడ ఎత్తి రాసుంది. 'సంఘమునందు సభ్యులు తప్ప ఇతరులెవరును లేరు. సభ్యులు కానివారితో ఏ విభాగమును ఏర్పరచరాదు.' కింద సంతకం తమరిదేనండి." పేజీ మీంచి కళ్లెత్తకుండానే మళ్లీ అందుకున్నాడు. "మహిళా విభాగం అనేది రికార్డుల్లో లేదండి. లేని విభాగానికి మనం పని అప్పజెప్పేం."

లేని విభాగం అనే మాటకి త్రినాథరావుగారు ఎందుకో సముద్రం వైపు తిరిగారు. ఆయన భుజాలు కిందికి దిగాయి. ఆయన పుస్తకం లాక్కుంటారేమోనని వీర్రాజు రెండు చేతులతోనూ పట్టుకుని నిలబడ్డాడు. ఆయన లాక్కోలేదు, నిలబడే ఓపికే లేదు.

ఇదంతా తెలియని లూపె, పెద్దాయన తూలుతున్నాడని కుర్చీ తెచ్చి ఆయన కాళ్ల వెనక పెట్టింది. ఆయన కూలబడ్డారు. ముందు ఒక పళ్లెం, అందులో వేడి మొక్కజొన్న రొట్టెలు పెట్టింది.

"చయనులూ, ఇది పరిశీలన కిందకే వస్తుంది కదా?" అన్నారు నీరసంగా.

"పరిశీలనేనండి. మరేం కాదండి," అన్నారు చయనులుగారు. ఆయనకి లూపె ఉడికించిన చిక్కుడు గింజలు తెచ్చి పెట్టింది. ఆ మనిషి మొదటి ముద్దకే కళ్లు మూసుకున్నారు. తక్కిన మగవాళ్లు కూడా ఒక్కొక్కరే కుర్చీలు లాక్కున్నారు. మంగతాయారుగారు మొగుడికి వడ్డించడానికి అలవాటు కొద్దీ లేవబోయి, మళ్లీ కూర్చుండిపోయారు.

చేప వచ్చింది. బల్ల పొడుగూతా ఉంది, పైన ఎర్రగా కాలిపోయి, లోపల తెల్లగా. పక్కన నిమ్మకాయ బద్దలు, ఉల్లిపాయ చక్రాలు. లూపె కత్తి పట్టుకుని సత్యవేణి పక్కన నిలబడింది. కత్తి మొనతో తల చూపించింది, నడుము చూపించింది, తోక చూపించింది. ఏది పెట్టమంటావని కనుబొమలెగరేసి అడిగింది.

సత్యవేణి వెంటనే వీర్రాజు వైపు తిరిగింది.

"నన్ను చూస్తావేంటే? ఆవిడ నిన్నడుగుతోంది," అన్నాడు వీర్రాజు. "నీకే ముక్క ఇష్టమో చెప్పు."

సత్యవేణి ఆలోచించింది. నడిముక్కలు ఆయనకి, మావగారున్నన్నాళ్లు మావగారికి, ఆ తర్వాత పిల్లలకి. వచ్చిన చుట్టాలుంటే వాళ్లకి. అందరూ చేతులు కడుక్కుని లేచాక కూర దాకలో అడుగున ఏముంటే అది. ముప్పై తొమ్మిదేళ్లలో ఎన్ని వందల చేపలు తోమి, కోసి, వండిందో ఆవిడకే తెలీదు.

"తెలీదండి," అంది.

వీర్రాజు ఆ మాట విని ఆవిడ మొహంలోకి చూశాడు. చంకలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు.

సత్యవేణి కళ్లు తుడుచుకుంది, లూపె చేతిలోంచి కత్తి తీసుకుని పక్కన పెట్టింది, చేప పళ్లేన్ని మొత్తంగా తన ముందుకి లాక్కుంది.

"మూడూ తిని చెప్తాను. అందాకా మీరలా కూచోండి."